ఓటు వేస్తాం, ఆ తర్వాత నది దాటేస్తాం: సిరోంచ వైపు ముచ్చట

ప్రాణహిత_గట్టు:

మాది సిరోంచ తాలూకా. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా చివర, గోదావరి దాటితే తెలంగాణ. ముందు ఒక లెక్క చూడండి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మా గడ్చిరోలి-చిమూర్‌లో దాదాపు 72 శాతం పోలింగ్ అయింది. ఆ విడతలో మహారాష్ట్ర మొత్తం మీద అదే ఎక్కువ. అదే రోజు నాగపూర్‌లో 54 దగ్గర ఆగింది. పైగా మా అహేరి సెగ్మెంటులో భద్రత పేరుతో మధ్యాహ్నం 3 గంటలకే తలుపులు మూసేస్తారు. అంటే ఏప్రిల్ ఎండ ముదరకముందే అడవి దారుల్లో నడిచొచ్చి వేసిన ఓట్లు అవి. ఓటు విషయంలో మమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు.

వేలి మీద సిరా ఆరకముందే మేం చేసే పనేంటి? జ్వరం ముదిరితే వరంగల్. మిర్చి అమ్మాలంటే ఎనుమాముల మార్కెట్. పిల్లల చదువుకు మంచిర్యాల. పెళ్లి బట్టలకు కరీంనగర్. ఫోన్‌లో సిగ్నల్ కూడా చాలా ఊళ్లలో అవతలి ఒడ్డు టవర్‌దే. జిల్లా కేంద్రం గడ్చిరోలి మాకు రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఏ దాఖలా కోసమో తప్పక పోవాల్సి వస్తే తప్ప ఆ దిక్కు చూసేవాడు లేడు.

నాయకులను తిట్టడం అందరికీ వచ్చు, నాకూ వచ్చు. కానీ నా అనుమానం వేరే. 2016 చివర్లో గోదావరి మీద కాళేశ్వరం వంతెన తెరిచారు. అంతకుముందు పడవల్లో పోయేవాళ్లం. అప్పుడు కనీసం వంతెన కావాలని అడిగేవాళ్లం, అర్జీలు పెట్టేవాళ్లం, నాయకుడు వస్తే అడ్డం కూర్చునేవాళ్లం. వంతెన వచ్చాక అడిగే అలవాటే పోయింది. ఎవడి అవసరం వాడు నది దాటి తీర్చుకుంటున్నాడు. అది చూసి ముంబైలో ఉన్నవాళ్లకూ నిశ్చింత. ఒప్పుకుంటారా?

ఉప్పల్_సిరోంచ:

అన్నా, ఒప్పుకోను. తప్పంతా జనం మీదకు తోసేస్తే నాయకులకు పండగే.

మన అహేరిలో 2024 అసెంబ్లీ ఎన్నిక గుర్తుంది కదా. ధర్మారావుబాబా ఆత్రం ఒక పార్టీ, ఆయన కూతురు భాగ్యశ్రీ ఇంకో పార్టీ, అన్న కొడుకు అంబరీష్‌రావు ఇండిపెండెంట్. తండ్రి, కూతురు, రాజా గారు. ముగ్గురూ ఒకే రాజకుటుంబం. గెలిచింది బాబా. ఓటరు ఎటు తిరిగినా అదే గడప. ఇందులో జనం నిర్లక్ష్యం ఏముంది? దొరికిన దాంట్లోనే ఎంచుకున్నారు.

ఎంపీ నియోజకవర్గం సంగతి చూడండి. ఒక కొస సిరోంచ, ఇంకో కొస గోందియా జిల్లాలోని ఆమ్‌గావ్. మధ్యలో చిమూర్, బ్రహ్మపురి. ఆ ఖాస్‌దార్ (ఎంపీ) ఎంత మంచివాడైనా ఐదేళ్లలో మన దగ్గరికి ఎన్నిసార్లు రాగలడు? మన ఓట్లు లేకుండానే గెలవొచ్చని ఆయనకూ తెలుసు.

నది దాటడం మన నేరం కాదు. ఆకలేసినవాడు అన్నం ఉన్న చోటికి పోతాడు.

రిటైర్డ్_మాస్టర్:

ఇద్దరూ మొన్న మొన్నటి సంగతులే మాట్లాడుతున్నారు. కాస్త వెనక్కి పోదాం.

సిరోంచ ఒకప్పుడు జిల్లా కేంద్రం అని ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. 1860లో నిజాం దగ్గర్నుంచి గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్లీషు వాళ్ల చేతికి వచ్చాయి. అప్పర్ గోదావరి జిల్లా అని పెట్టి సిరోంచలో డిప్యూటీ కమిషనర్‌ను కూర్చోబెట్టారు. మన మీద ప్రేమతో కాదు. వార్ధా, బేరారు ప్రాంతాల పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రం దాకా తేవాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. నదిలో అడ్డొచ్చే రాళ్ల మెట్టలు దాటించడానికి దుమ్ముగూడెం దగ్గర కాలువలు, లాకులు కట్టారు. ఈలోపు రైళ్లు వచ్చేశాయి. 1871లో పడవల పని ఆపేశారు. 1874లో జిల్లానే ఎత్తేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు వైపు పోయాయి, సిరోంచను చాందాకు (ఇప్పటి చంద్రపూర్) అంటగట్టారు.

ఆ తర్వాత 1956లో మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి. పేర్లు మారుతూ పోయాయి, రాజధాని మాత్రం దూరమైంది. నదితో పని ఉన్నన్నాళ్లు జిల్లా, పని తీరాక తహసీల్. కాబట్టి ఈ నిర్లక్ష్యం మన వంతెన కన్నా చాలా పాతది.

అయినా ప్రాణహిత బాబు చెప్పిందాంట్లో నిజం ఉంది. నేను ఉద్యోగంలో ఉండగా విదర్భ అభివృద్ధి బోర్డు అని ఒకటి ఉండేది. రాజ్యాంగం 371(2) కింద 1994లో పెట్టారు. వెనకబడిన ప్రాంతానికి నిధుల వాటా సరిగా వస్తోందా లేదా అని ఏటా లెక్క చూడటం దాని పని. 2020 ఏప్రిల్ 30న గడువు ముగిసింది. లాక్‌డౌన్‌లో ఎవరూ గమనించలేదు. నాగపూర్‌లో కొందరు గొడవ చేశారు, మన తాలూకాలో ఒక్క నివేదన్ (అర్జీ) కూడా ఇచ్చినట్టు నాకు గుర్తు లేదు. ఆ బోర్డు మన కోసమే ఉందని తెలిసినవాళ్లు ఎంతమంది?

ఉప్పల్_సిరోంచ:

బోర్డు ఉన్నప్పుడు మాత్రం ఏం ఒరిగింది సార్? 1984లో దాండేకర్ కమిటీ బ్యాక్‌లాగ్ (వెనుకబాటు) లెక్క తేల్చింది, 2013లో కేల్కర్ కమిటీ మళ్లీ తేల్చింది. కమిటీ కమిటీకి మన వెనుకబాటు ఇంకాస్త పక్కాగా నిరూపణ అయింది, అంతే.

రిటైర్డ్_మాస్టర్:

హహ. ఆ మాట కాదనలేను.

కరీంనగర్_సిస్టర్:

నేను పుట్టింది సిరోంచ తాలూకా అంకీస వైపు, నర్సుగా చేసేది కరీంనగర్‌లో. నది దాటి వచ్చినవాళ్లకు ఏమవుతుందో నేను రోజూ చూస్తాను, అందుకే రాస్తున్నా.

ఉప్పల్ అన్నా, మీరు అన్నం ఉన్న చోటికి పోతాడు అన్నారు. ఇక్కడ ఆ అన్నం డబ్బులకే దొరుకుతుంది. మా ఊరి వైపు నుంచి ఒకావిడ వచ్చింది, గర్భసంచి ఆపరేషన్. భర్త ప్లాస్టిక్ కవర్‌లోంచి కాగితాలన్నీ తీసి కౌంటర్ మీద పరిచాడు. రేషన్ కార్డు మరాఠీలో. కౌంటర్‌లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆరోగ్యశ్రీ ఉందా అని అడిగింది. మాది మహారాష్ట్ర, మాకు మహాత్మా ఫులే స్కీము ఉంది అన్నాడు. అది ఇక్కడ నడవదు అంది. ఇక్కడి స్కీముకేమో వీళ్లు ఇక్కడివాళ్లు కారు. చివరికి ఆవిడ పుస్తెలతాడు బ్యాంకుకు పోయింది.

మధ్యలో ఒక దారి ఉంది. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే వేరే రాష్ట్రంలో కూడా, ఆ స్కీములో చేరిన ఆస్పత్రిలో పనిచేస్తుంది. కానీ మనవైపు చాలామందికి ఈ-కేవైసీ కాలేదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, రేషన్ కార్డులో వెనక, ఒక దాంట్లో తండ్రి పేరు మధ్యలో. మరాఠీ పద్ధతిలో రాసినదీ తెలుగు పద్ధతిలో రాసినదీ కలవవు. క్యాంపు పెట్టి ఊరి దగ్గరే సరిచేస్తే తేలిపోయే పని. అది కావాలని ఎవరు అడిగారు? డబ్బున్నవాళ్లకు అవసరం లేదు, లేనివాళ్లకు అలాంటిది ఉందనే తెలియదు.

బస్సుల సంగతి కూడా చెప్తాను. తెలంగాణ బస్సులో ఆడవాళ్లకు ఫ్రీ, కానీ ఆధార్ అడ్రస్ తెలంగాణది ఉండాలి. మన మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో ఆడవాళ్లకు సగం చార్జీ, కానీ మనం పోయే దారిలో ఆ బస్సు కనిపించేది ఎంత? మా అమ్మ నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ పక్క సీటు ఆవిడ జీరో టికెట్ చూసి ఇంటికొచ్చి నా మీద కోప్పడుతుంది, నేనేదో ముఖ్యమంత్రిని అయినట్టు.

ప్రాణహిత_గట్టు:

చెల్లె, నేను చెప్పలేకపోయింది ఇదే. దాటగలిగినవాళ్లు దాటేస్తున్నారు. సర్పంచు పిల్లలు, కొట్టు సేఠ్ పిల్లలు, గుత్తేదార్ల పిల్లలు అందరూ అటే చదువుతున్నారు. గొంతు ఉన్నవాడికి ఇక్కడి బడితో పని లేదు. ఆ బడితో పని ఉన్నవాడికి గొంతు లేదు.

మహదేవపూర్_పటేల్:

అవతలి ఒడ్డు నుంచి నమస్కారం. మీరంతా మా వైపు స్వర్గం అన్నట్టు రాస్తున్నారు. మా దగ్గర పలిమెల దాకా ఒకసారి వచ్చి చూడండి, అప్పుడు మాట్లాడుదాం. బిల్డింగ్ కట్టడం వేరు, అందులో డాక్టరు రాత్రి ఉండటం వేరు.

కానీ ఒక్క తేడా ఉంది, దాచడం ఎందుకు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. అంతకుముందు మేం కరీంనగర్ పోయేవాళ్లం, ఇప్పుడు మాకు కలెక్టర్ భూపాలపల్లిలో. మంచిర్యాలకు 2022లో, భూపాలపల్లి, ఆసిఫాబాద్‌లకు 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. కలెక్టర్ దగ్గరుంటే కనీసం పోయి అరిచి రావచ్చు. మీ అహేరి జిల్లా డిమాండ్ ఎన్నేళ్ల నుంచి వింటున్నాం?

ఉప్పల్_సిరోంచ:

నేను బడిలో ఉన్నప్పటి నుంచి. ప్రతి ఎన్నికకూ లేస్తుంది, కౌంటింగ్ రోజు పడుకుంటుంది.

పటేల్ గారు, మీ స్వర్గం సంగతి సరే, గోదావరి మీద మీ మేడిగడ్డ బ్యారేజీ సంగతి చెప్పండి. మాకు నీళ్లు రాలేదు, మునక మాత్రం వచ్చింది.

మహదేవపూర్_పటేల్:

అది నేను కట్టలేదు తమ్మీ!

ప్రాణహిత_గట్టు:

మేడిగడ్డ మాట వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తా. బయటివాళ్లకు ఇది అర్థం కావాలి.

బ్యారేజీకి అటు కొస అంబటిపల్లి, ఇటు కొస మా తాలూకాలోని పోచంపల్లి. 85 గేట్లు. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు ఒప్పందం రాసుకున్నాయి, నీటిమట్టం 100 మీటర్లు అని. 2019 జూన్ 21న ప్రారంభం. ఆ సభకు మా ముఖ్యమంత్రి కూడా వచ్చాడు. ఆ నీళ్లు పోయింది అటు. ఇటువైపు వానాకాలం వస్తే బ్యాక్‌వాటర్ వాగుల్లోంచి ఎదురెక్కి పత్తి, మిర్చి చేలల్లోకి. 2022 జులై వరద చూసినవాళ్లు ఇంకా మర్చిపోలేదు. నీళ్లు తీశాక చేనులో మోకాలి లోతు ఇసుక మేట. గట్టు వైపు ఉన్న చేలయితే కోతకు గురై మడి మడి నదిలో కలిసింది. సాత్‌బారాలో (భూమి రికార్డులో) మాత్రం రైతు పేరు మీద ఆ ఎకరం అలాగే ఉంటుంది.

మొదట్లో కొంత భూమి కొన్నారు. మిగిలిన రైతుల పరిహారం ఏళ్ల తరబడి నానింది. తెలంగాణ ఇవ్వాలి అని వీళ్లు, మహారాష్ట్ర సర్వే చేసి పంపాలి అని వాళ్లు. ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠీ పంచనామా రాస్తాడు, కాగితం గడ్చిరోలి పోతుంది, అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. రైతులు తహసీల్ ఆఫీసు ముందు నిరాహార దీక్షలో కూర్చున్నారు, రోజులు గడిచాయి. చివరికి 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాయి, దేశమంతా మేడిగడ్డ పేరు మోగిపోయింది. ఎన్ని టీవీ చానళ్లు వచ్చాయో. అందరి కెమెరాలూ అటు ఒడ్డునే. ఇటు ఒడ్డున చేను పోయినవాడి దగ్గరికి వచ్చినవాళ్లు అరుదు.

ఆ దీక్ష దగ్గరికి నేనూ వెళ్లేవాణ్ని. నాకు బాధ కలిగించింది ప్రభుత్వం రాకపోవడం కాదు, అది అలవాటే. పక్క ఊరివాళ్లు రాలేదు. ఎందుకంటే వాళ్ల చేను మునగలేదు. టెంటు పక్కనుంచే బండ్లు వంతెన మీదకు పోయేవి. హారన్ కొట్టి చెయ్యి ఊపేవాళ్లు.

ధర్మాబాద్_మిర్చి:

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి. మావైపు కథ కాస్త వేరే. 2018లో మా తాలూకా సరిహద్దు ఊళ్లు దాదాపు 40 కలిసి, మమ్మల్ని తెలంగాణలో కలపండి అని డిమాండ్ పెట్టాయి. నిజంగా కలుస్తామని ఎవరూ అనుకోలేదు, నాతో సహా. అవతల రైతుకు ఎకరానికి పెట్టుబడి సాయం, 24 గంటల కరెంటు వస్తుంటే ఇవతల మనకు రాత్రి కరెంటు. పొలం గట్టు మీద నిలబడితే రెండూ కనిపిస్తాయి. ఆ కోపం అది. పేపర్లో పడింది, టీవీలో పడింది, నాయకులకు చురుక్కుమంది. 2023 ఫిబ్రవరిలో కేసీఆర్ నాందేడ్‌లో సభ కూడా పెట్టాడు. ఆయన పార్టీ తర్వాత ఏమైందో మీకు తెలుసు.

నేను చెప్పేది, మా వాళ్లు కనీసం పోతాం అని బెదిరించారు. మీరు చెప్పకుండా పోతున్నారు.

రిటైర్డ్_మాస్టర్:

ఈ చివరి మాట నేను రాసుకున్నాను సేఠ్.

మోడరేటర్:

పార్టీల పేర్లతో కింద మొదలైన రెండు టపాలు తీసేశాం. ఎవరు దొంగ అనే చర్చకు వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ సిరోంచ గురించి రాయండి.

పర్లాకిమిడి_పావని:

మాది ఒడిశా గజపతి జిల్లా. ఇదంతా చదువుతుంటే మా ఊరి గురించే రాశారా అనిపించింది. గోదావరి బదులు వంశధార, మహేంద్రతనయ అనుకోండి, వరంగల్ బదులు శ్రీకాకుళం, విశాఖ కేజీహెచ్. మాకూ భువనేశ్వర్ దూరం, వైజాగ్ దగ్గర. రాష్ట్రం రావడానికి ముందు నుండి పోరాడిన కృష్ణచంద్ర గజపతి మావాడే, 1936లో ఒడిశా ఏర్పడింది, ఆ జిల్లాకు ఆయన పేరు రావడానికి 1992 దాకా పట్టింది. పేరొచ్చింది, మిగతాది నెమ్మదిగా వస్తుందట.

కానీ అందరికీ దాటే వీలు ఉండదండి. మా మల్కనగిరిలో బలిమెల రిజర్వాయర్ కట్టినప్పుడు 151 ఊళ్లు నీళ్ల మధ్య చిక్కుకున్నాయి. కరెంటు రెండు రాష్ట్రాలకు, నీళ్ల చెర మాత్రం వాళ్లకు. కటాఫ్ ఏరియా అనే పిలిచేవాళ్లు, ఊరికి వేరే పేరు లేనట్టు. గురుప్రియ వంతెన మాట 1982లో మొదలైంది, తెరిచింది 2018 జులై 26న. 36 ఏళ్లు లాంచీలో తిరిగారు. వాళ్లకు ఓటు ఉంది, వంతెన లేదు. మీకు ఓటూ ఉంది, వంతెనా ఉంది. అయినా ఇద్దరి ఆస్పత్రీ ఒకేలా ఉంది చూడండి! అందుకే తప్పు వంతెనదంటే నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

ప్రాణహిత_గట్టు:

మంచి దెబ్బ కొట్టారు పావని గారూ. అయితే ఒకటి. కటాఫ్ వాళ్లు ఎక్కడికీ పోలేక అడిగారు, అడిగి అడిగి సాధించారు. 36 ఏళ్లు పట్టినా ఒకే మాట మీద ఉన్నారు. మేం ఒకే మాట మీద ఉన్నది చివరిసారి వంతెన కోసమే.

ఉప్పల్_సిరోంచ:

ఎందుకు ఉండలేమో కూడా చెప్పండి మరి. సిరోంచ-అల్లాపల్లి రోడ్డు తీసుకోండి. పేరుకు జాతీయ రహదారి, 353సీ. వానాకాలం ఒక లారీ దిగబడితే వెనకాల బస్సు, బస్సు వెనకాల అంబులెన్స్. అడిగితే అటవీ అనుమతి రాలేదు అంటారు. ఆ అడవిలోంచే టేకు దుంగలు మాత్రం దర్జాగా బయటకు పోతాయి. 2023లో మన అల్లాపల్లి వైపు టేకు అయోధ్య గుడి తలుపుల దాకా పోయింది. ఊరేగింపు చేసి పంపారు. నేనూ సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు. దుంగ పోయే రోడ్డు మీద మనిషి ఎందుకు పోలేడో ఎవరైనా చెబితే ఇంకా సంతోషపడతాను.

ఇప్పుడు గడ్చిరోలిని స్టీల్ హబ్ చేస్తామంటున్నారు. ముఖ్యమంత్రి ఫడ్నవీసే స్వయంగా పాలక్‌మంత్రి (జిల్లా ఇన్‌చార్జ్ మంత్రి). సూర్జాగడ్ గనుల వైపు రోడ్లు పడుతున్నాయి. ఇనుము ఎటు ఉంటే రోడ్డు అటు. మన దగ్గర ఇనుము లేదు, ఇసుక ఉంది. మాస్టారు చెప్పిన పత్తి పడవల కథే ఇది కూడా.

రిటైర్డ్_మాస్టర్:

పుష్కరాలను మర్చిపోయావు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు ఘాట్‌కు రంగులు, లైట్లు, అధికారుల బండ్లు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, మళ్లీ సున్నం కొడతారు. 12 ఏళ్లకోసారి దేవుడి పుణ్యమా అని సర్కారుకు మన దారి గుర్తొస్తుంది.

కరీంనగర్_సిస్టర్:

ఉప్పల్ అన్నా, కోపం లేకుండా ఒకటి అడగనా? మీ ఓటు ఎక్కడుంది?

ఉప్పల్_సిరోంచ:

హైదరాబాద్ ఉప్పల్‌లో. ఇల్లు కొన్నాక మార్చుకున్నా. పిల్లలకు లోకల్ కావాలి కదా చెల్లె. సిరోంచ డొమిసైల్‌తో ఇక్కడ సీట్లు రావు, ఉప్పల్‌లో పెరిగిన పిల్లలకు అక్కడ సీట్లు రావు. రెంటికీ చెడ్డ రేవడి కాలేను.

కరీంనగర్_సిస్టర్:

తప్పు పట్టడం లేదు. నాదీ కరీంనగరే.

చాందా_ప్లీడర్:

చాలాసేపటి నుంచి చదువుతున్నా. సీట్ల మాట వచ్చింది కాబట్టి క్యాస్ట్ వ్యాలిడిటీ గురించి ఎవరూ రాయలేదేమిటి? సరిహద్దు తెలుగువాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది దానికే.

మహారాష్ట్రలో కులం దాఖలా ఉంటే చాలదు, స్క్రూటినీ కమిటీ దాన్ని ఖరారు చేయాలి. అందుకు పాత రుజువు కావాలి. ఎస్సీ అయితే 1950 ఆగస్టు 10కి, ఎస్టీ అయితే అదే ఏడు సెప్టెంబరు 6కి, సంచార జాతులకు 1961 నవంబరు 21కి, ఓబీసీకి 1967 అక్టోబరు 13కి ముందు నుంచి మీ కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు. సిరోంచ తాతలు ఎవరు బడికి పోయారు, టీసీ తేవడానికి? భూమి కాగితం ఉంటే అందులో కులం ఉండదు. ఉన్నా తెలుగు కులం పేరును మరాఠీ గుమాస్తా తనకు వినబడినట్టు రాసి ఉంటాడు. ఒక్కో అన్నదమ్ముల కాగితాల్లో ఒక్కో రకంగా. ఆ రోజుల్లో పెళ్లిళ్లు, పేర్లు, పొలాలు అన్నీ నది రెండు వైపులా కలిసే ఉండేవి. అవతలి ఒడ్డు పాత రికార్డు తెస్తే, అప్పటికి మీవాళ్లు నిజాం రాజ్యంలో ఉన్నారన్నమాట అని దాన్నే ఎదురు వాడతారు.

నర్సింగ్ సీటు, పోలీసు భర్తీ, సర్పంచు రిజర్వుడు సీటు, అన్నిటికీ ఇదే గండం. గడువులోగా వ్యాలిడిటీ ఇవ్వలేక గెలిచిన పదవులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇక ఎవరు నిలబడతారు? నిలబడేవాడు లేకపోతే అడిగేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? మీరు దీన్ని నిర్లిప్తత అంటున్నారు. నా టేబుల్ దగ్గర కూర్చుని చూస్తే అలసట అంటారు.

ప్రాణహిత_గట్టు:

అలసట నిజమే ప్లీడర్ గారూ. కానీ అదే గడ్చిరోలి జిల్లాలో ధానోరా తాలూకా మేండా-లేఖా అని ఒక గోండు ఊరు ఉంది. వాళ్లకు మనకన్నా ఎక్కువ చదువు లేదు, నది అవతల వరంగల్ లేదు. దిల్లీ-ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు అని గోడ మీద రాసుకున్నారు. 2009లో సామూహిక అటవీ హక్కు తెచ్చుకున్నారు. వెదురు అమ్ముకునే పాసు పుస్తకం అటవీ శాఖ ఇవ్వనంటే పట్టు వదల్లేదు. 2011లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి ఇప్పించి పోయాడు. వాళ్లు చేసిందల్లా గ్రామసభ మానకుండా కూర్చోవడం.

మా దగ్గర గ్రామసభ ఎలా జరుగుతుందో చెప్తాను, ఊరి పేరు వద్దు. మైకులో ఒకసారి పిలుస్తారు. పది మంది వస్తారు, అందులో ఐదుగురు పంచాయతీ మనుషులే. గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) వాచీ చూసుకుని, కోరం లేదు, వాయిదా అని రిజిస్టరులో రాస్తాడు. తర్వాత వారం మళ్లీ అదే పది మంది కూర్చుంటారు, ఏడాది పనులన్నీ ఆమోదం. ఆ తర్వాత మూడు రోజులకు రిజిస్టరు ఇంటింటికీ తిరుగుతుంది, సంతకాల కోసం. చాయ్ తాగుతూ పెట్టేస్తాం. ఏం రాశారని మరాఠీలో ఉన్నది చదివేవాడు ఎవడు?

రిటైర్డ్_మాస్టర్:

బాబూ, ఇందులో నువ్వు చూడనిది ఒకటుంది. గ్రామసభ మామూలుగా పెట్టే రోజులు ఏవి? జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2. జనవరి 26 నాటికి సగం ఊరు మిర్చి ఏరడానికి నది అవతల ఉంటుంది, ఇళ్లకు తాళాలు. మే 1 అంటే తునికాకు కల్లం. ఆగస్టు 15కు నాట్లు, లేకపోతే వరద. మిగిలింది అక్టోబరు 2 ఒక్కటి. ఆ రోజు గాంధీ జయంతి, 1993 నుంచి మనది మద్యనిషేధ జిల్లా, అయినా సెలవు దొరికినవాడు ఎటు పోతాడో నేను చెప్పక్కర్లేదు.

జనం పట్టించుకోవడం లేదని కాదు. పట్టించుకునే రోజున సభ లేదు, సభ ఉన్న రోజున జనం లేరు. సర్పంచు తలుచుకుంటే ఏ రోజైనా సభ పిలవొచ్చు, చట్టం అడ్డం కాదు. డిసెంబరు రెండో వారంలో, మిర్చికి పోకముందు ఒక సభ పెట్టమని రాతపూర్వకంగా అడగండి.

చాందా_ప్లీడర్:

సార్ చెప్పింది బాగుంది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఆవక్ నంబరు (అందినట్టు వేసే నంబరు), ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెబితే మళ్లీ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఉప్పల్_సిరోంచ:

ఓటు లేదు కాబట్టి సంతకం పెట్టలేను. జిరాక్సులు, మైకు, చాయ్ ఖర్చు నాది. ఎక్కడికి పంపాలో చెప్పండి. రోడ్డు మాత్రం మొదటి అంశంగా పెట్టండి.

కరీంనగర్_సిస్టర్:

రోడ్డు కాదన్నా, ఆయుష్మాన్ ఈ-కేవైసీ క్యాంపు. అది జరిగే పని. ఒక రోజు, ఒక ల్యాప్‌టాప్, ఒక వేలిముద్ర మిషను.

రిటైర్డ్_మాస్టర్:

అమ్మాయి చెప్పిందే సరి. రోడ్డు పైన రాస్తే, అది హైవే వాళ్ల పరిధి అని ఒక్క లైనుతో కొట్టేస్తారు, కిందిది చదవరు. క్యాంపు మొదటిది, రాత్రి డాక్టరు రెండోది, మేడిగడ్డ మిగిలిన రైతుల పట్టిక మూడోది. ఆ తర్వాత రోడ్డు. మరాఠీ ముసాయిదా రేపు సాయంత్రానికి ఇక్కడ పెడతా.

మహదేవపూర్_పటేల్:

తెలుగులో కూడా ఒక కాపీ పెట్టండి సార్. డిసెంబరులో కుదరకపోతే, జనవరిలో మీవాళ్లు ఎలాగూ మా తోటల్లోనే ఉంటారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర చదివి వినిపిస్తా, సంతకాలు ఇటే తీసుకోవచ్చు.

ప్రాణహిత_గట్టు:

అటు తీసుకున్న సంతకాలు చెల్లుతాయా?

చాందా_ప్లీడర్:

అర్జీ మీద చెల్లుతాయి. కోరం లెక్కకు మాత్రం మనిషి రావాలి.